మిద్దె మీద సెక్స్టెంట్ సాధన: డిప్, వక్రీభవనం లెక్కలు

చిరంజీవి అల్లుడికి,

మామ ఆశీస్సులు. షిప్పు ఎక్కేలోపు అనంతపురంలోనే సెక్స్టెంట్ (సూర్యుడు, నక్షత్రాల ఎత్తు కోణం కొలిచే పరికరం) చేతికి అలవాటు చేసుకుంటానన్నావు, సంతోషం. కానీ అక్కడ నీకు కనపడేది కొండల అంచు. దానికి డిప్ (కన్ను ఎత్తులో ఉండడం వల్ల సముద్రపు అంచు కిందికి కనబడే కోణం) పట్టిక పనికిరాదు. చెరువు నిండింది కదా అని కట్టమీద నిలబడి అవతలి ఒడ్డు నీటిగీతను హొరైజన్ (దిగంతం) అనుకోవద్దు. కన్ను నీటికి 2 మీటర్ల ఎత్తులో ఉంటే సముద్రం మీద డిప్ 2.5 నిమిషాలు. ఒడ్డు కిలోమీటరు దూరంలోనే ఉంటే అది 7.1 నిమిషాలు. కోణంలో ఒక్కో నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు, గుర్తు ') ఒక్కో నాటికల్ మైలు, అంటే నాలుగున్నర మైళ్ల తప్పు.

హొరైజన్‌కు బదులుగా వెడల్పాటి పళ్లెంలో వాడేసిన ఇంజిన్ ఆయిల్ పోసి గాలి తగలని చోట పెట్టు. పాదరసం మాత్రం వద్దు, దాని ఆవిరి విషం. రెండు అద్దాలకూ షేడ్లు (నల్ల గాజులు) వేశాకే సూర్యుణ్ణి చూడాలి. సెక్స్టెంట్‌లో దించిన సూర్యుణ్ణి నూనెలోని ప్రతిబింబం పైఅంచుకు ఆనించు, అది కింది అంచు రీడింగు. వచ్చేది రెట్టింపు కోణం. ఇక్కడ చాలామంది తడబడతారు: ఇండెక్స్ ఎర్రర్ (సున్నా ఉండాల్సిన చోట పరికరం చూపే తేడా) ముందు తీసెయ్, ఆ తర్వాతే సగం చెయ్. 72°40' రీడింగులో 2' తీస్తే 72°38', సగం 36°19'. సగం చేశాక 2' తీస్తే 36°18' వస్తుంది, ఒక మైలు పోయినట్టే. డిప్ ఊసే లేదు, నూనె తనంతట తానే మట్టంగా నిలుస్తుంది.

వక్రీభవనం (గాలి వెలుగును వంచడం) మాత్రం వదలదు. 45 డిగ్రీల ఎత్తు దగ్గర 1', 20 దగ్గర 2.6', 10 దగ్గర 5.3', దిగంతం మీద సుమారు 34'. ఎప్పుడూ తీసివేతే. ఈ అంకెలు 10 డిగ్రీల సెల్సియస్, 1010 మిల్లీబార్లకు కట్టినవి. మన ఎండాకాలం 40 డిగ్రీలు, ఊరు ఎత్తు మూలంగా పీడనం 970 దరిదాపు. 970ని 1010తో, 283ని 313తో (సెల్సియస్ డిగ్రీలకు 273 కలిపినవి) భాగించి గుణిస్తే 0.87. 10 డిగ్రీల ఎత్తు దగ్గర 5.3' కాస్తా 4.6' అవుతుంది. వాతావరణ వార్తల్లో చెప్పే పీడనం సముద్రమట్టానికి సరిచేసింది, అది వాడకు. ఆల్మనాక్ (నావికుల పంచాంగం)లో సూర్యుడి పట్టిక తీసుకుంటే అందులో వక్రీభవనం, బింబార్ధం (సూర్యబింబంలో సగం కోణం), లంబనం (భూమి మధ్య నుంచి కాక పైనుంచి చూడడం వల్ల వచ్చే తేడా) కలిసే ఉంటాయి. మళ్లీ విడిగా తీయొద్దు.

సెక్స్టెంట్ 120 డిగ్రీలు దాటి పెద్దగా కొలవదు కాబట్టి మధ్యాహ్నపు సూర్యుడు నవంబరు మొదటి వారం నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకానే పళ్లెంలో దొరుకుతాడు. మిగతా నెలల్లో పొద్దున, సాయంత్రం పట్టు.

షిప్పు మీద డిప్ తిరిగొస్తుంది: కంటి ఎత్తు మీటర్లలో, దాని వర్గమూలాన్ని 1.76తో గుణించు. 16 మీటర్లకు 7'. ఇండెక్స్ తర్వాత డిప్, ఆ వచ్చిన ఎత్తుతోనే వక్రీభవనం పట్టిక తెరువు. నీటికన్నా గాలి బాగా వేడిగా ఉంటే హొరైజన్ పైకి లేస్తుంది, చల్లగా ఉంటే దిగుతుంది. పట్టిక దాన్ని పట్టుకోలేదు. అందుకే ఎదురెదురు దిక్కుల నక్షత్రాలు తీసుకో, ఆ తప్పు చాలామటుకు కొట్టుకుపోతుంది. సరుకు దించాక షిప్పు పైకి తేలుతుంది. కంటి ఎత్తు 20 నుంచి 25 మీటర్లయితే డిప్ 7.9' నుంచి 8.8'కి పోతుంది. రేవు వదిలిన ప్రతిసారీ డ్రాఫ్ట్ (షిప్పు నీటిలో మునిగిన లోతు) చూసి ఆ ఎత్తు కొత్తగా రాసుకో.

ఇట్లు,
మీ మామ