సావిత్రి గారి గురించి రాస్తున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

సావిత్రి గారి మీద నీవు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. శ్రద్ధగా రాశావు. అయితే ఆసుపత్రి మంచం మీద చిక్కి శల్యమైన ఆమె ఫోటో వర్ణనతో మొదలుపెట్టడం వల్ల, 19 నెలలు కోమాలో ఉండి 1981 డిసెంబరు 26న కన్నుమూసిన ఆ మహానటి బతుకంతా ఆ మంచం చేరడానికే సాగినట్టు కనబడుతోంది. ముందు దాన్ని తీసెయ్యి. 1957 నాటి 'మాయాబజార్' మళ్ళీ చూడు. 'అహ నా పెళ్ళియంట' పాటలో సిగ్గుతో ముడుచుకున్న మాయా శశిరేఖ ఉన్నట్టుండి తన అసలు రూపమైన ఘటోత్కచుడిలా భుజాలు విరిచి, గర్వంగా చూపు తిప్పి, మరుక్షణమే మళ్ళీ ఆడపిల్ల అయిపోవడాన్ని చూసింది చూసినట్టుగా రాయి. ఆ పనితనం తెలిస్తేనే కదా, మనం పోగొట్టుకున్నదేమిటో పాఠకుడికి తెలిసేది!

'దేవదాసు'లో పార్వతిగా నటించిన ఆమే చివరికి తాగుడుకు లోబడిందన్న వాక్యం కొట్టెయ్యి. 1953లో వేసిన వేషానికీ, తర్వాతి కాలంలో వచ్చిన జబ్బుకూ ముడిపెట్టి చమత్కరించడం ఒక మనిషి బాధను అలంకారంగా వాడుకోవడమే. కాపురంలోని కలతలే కారణమని ఒకచోట, సొంత సినిమాల నష్టాలే కారణమని మరొకచోట తీర్పులు చెప్పావు. ఆ గదిలో మనం లేము కనుక తీర్పు మనది కాదు. మనసు గట్టి చేసుకుంటే మానగలిగేదన్నది మరీ పెద్ద పొరపాటు. ఏళ్ళ తరబడి మద్యానికి అలవాటుపడిన శరీరం ఒక్కసారిగా మానితే చేతులు వణుకుతాయి, ఫిట్స్ రావచ్చు, లేనివి కనబడవచ్చు, ప్రాణం మీదికి కూడా రావచ్చు. అందుకే డాక్టర్లు దగ్గరుండి మాన్పిస్తారు.

ఇంకొకటి. మగ నటుల తాగుడును సరదా కబుర్లుగా చెప్పుకున్న నోళ్ళే ఆమె విషయంలో 'పతనం' అన్నాయి. నీ వ్యాసంలో ఆ మాట ఐదుసార్లు ఉంది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నీ వయసులో నేనూ ఒక నటి వ్యసనం గురించి, ఆమె కథ ముగిసిపోయినట్టే, ఒక పత్రికకు రాశాను. వారం తిరగకుండా వాళ్ళ ఇంటి నుంచి పోస్టుకార్డు వచ్చింది. అమ్మ మంచం మీద ఉన్నా పత్రికలు చదువుతూనే ఉందని, నా వ్యాసం కూడా చదివిందని, అంతే రాసి ఉంది. దానికి నేను జవాబు రాయలేకపోయాను.

వ్యాసం తిరగరాసి సంక్రాంతిలోగా పంపించు.