డయాలసిస్ మూడో గంటలో బీపీ ఎందుకు పడిపోతుంది? నీళ్లు ఎన్ని తాగాలి?

మీ నాన్నగారికి డయాలసిస్ మూడో గంటలో బీపీ పడిపోతోంది, పిక్కలు పట్టేస్తున్నాయి, మిషన్‌లో లోపమేమో, నీళ్లు ఎన్ని ఇవ్వాలి అని రాశారు. ముందు మిషన్ మీద అనుమానం వదిలేయండి. మీరు రాసిన రెండు అంకెల్లోనే జవాబు ఉంది. మీ నాన్నగారి డ్రై వెయిట్, అంటే ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు, 54 కిలోలు, ఈసారి డయాలసిస్ మంచం ఎక్కేటప్పటికి 57.8. వారానికి రెండే డయాలసిస్‌లు. మూడో గంటలో బీపీ పడిపోవడం, పిక్కలు పట్టేయడం ఆ తేడా వల్లే.

లెక్క చూడండి. ఒంట్లో చేరిన నీరు 3.8 లీటర్లు. మంచం మీదే రెండు ఇడ్లీలు, టీ తీసుకుంటే ఇంకో 300 మిల్లీలీటర్లు. చివర్లో గొట్టాల్లోని రక్తాన్ని వెనక్కి పంపే సెలైన్ 250. మొత్తం 4.35 లీటర్లు. నాలుగు గంటల్లో లాగాలంటే గంటకు దాదాపు 1,090 మిల్లీలీటర్లు. 54తో భాగిస్తే కిలోకి గంటకు 20 మిల్లీలీటర్లు. ఈ అంకె 13 దాటినవాళ్లలో మరణాలు, గుండె జబ్బులు ఎక్కువగా కనిపించాయని 2011లో అమెరికాలో జెన్నిఫర్ ఫ్లైత్ బృందం చూపించింది. మీ నాన్నగారి బరువుకి 13 అంటే నాలుగు గంటలకు 2.8 లీటర్లే.

మిషన్ నీటిని రక్తంలోంచే లాగుతుంది, కాళ్ల వాపులోంచి కాదు. 54 కిలోల మనిషి రక్తంలో ద్రవభాగం రెండున్నర లీటర్లకు అటూఇటుగా ఉంటుంది. అందులోంచి నాలుగు లీటర్లు పైన తీయాలంటే, తీసినంతా వాపులోంచి ఎప్పటికప్పుడు రక్తనాళాల్లోకి ఊరాలి. మొదటి గంట ఊరుతుంది. రెండో గంటకు ఊట వెనకబడుతుంది. మూడో గంటలో ఆవులింతలు మొదలవుతాయి, నుదుట చెమట పడుతుంది, ఫ్యాన్ పెంచమంటారు. బీపీ చూస్తే పై అంకె 90. అంతలో పిక్క రాయిలా గట్టిపడి మనిషి అరుస్తాడు. సిస్టర్ వచ్చి యూఎఫ్, అంటే మిషన్ నీరు లాగడం, ఆపి, కాళ్లు ఎత్తి, 200 మిల్లీలీటర్ల సెలైన్ వదులుతుంది. బీపీ లేస్తుంది. కానీ ఆ సెలైన్‌లో 1.8 గ్రాముల ఉప్పు వెళ్లింది, యూఎఫ్ ఆగిన సమయం పోయింది, తీయాల్సిన నీరు ఒంట్లోనే మిగిలింది. బీపీ పడిన ప్రతిసారీ గుండె కండరానికీ దెబ్బే. ఇంగ్లండ్‌లో క్రిస్ మెకింటైర్ బృందం డయాలసిస్ జరుగుతుండగా ఎకో (గుండె స్కాన్) తీసి, గుండె గోడలో కొన్ని భాగాలు సరిగ్గా కదలకపోవడం చూసింది.

నాకు బాధ కలిగించేది "నీళ్లు తగ్గించండి" అని చెప్పి పంపేయడం. ఎనిమిది గ్రాముల ఉప్పు ఒంట్లోకి వెళ్తే, దాన్ని పలచన చెయ్యడానికి దాదాపు లీటరు నీరు కావాలి. మూత్రం సరిగా రాని మనిషికి తర్వాతి డయాలసిస్ దాకా ఆ ఉప్పు పోయే దారి లేదు. అందుకే దాహం. ఆవకాయ, ఎండుచేప, అప్పడం, చారు, మజ్జిగలో ఉప్పు ఇవన్నీ అలాగే పెట్టి గ్లాసు లాక్కుంటే రాత్రి రెండింటికి లేచి కుండలోంచి తాగుతారు. ఆయన్ని తిట్టి లాభం లేదు. రోజు మొత్తానికి ఐదు గ్రాములు, అంటే చెంచాకి కొంచెం తక్కువ, ఒక డబ్బీలో విడిగా తీసి పెట్టండి. ఆయన కూర, చారు అన్నీ అందులోంచే. లో సోడియం ఉప్పు మాత్రం కొనకండి, అందులో ఉండేది పొటాషియం. కొబ్బరితోటల సోంపేట, కవిటి వైపు వాళ్లు కాబట్టి చెబుతున్నా, కొబ్బరినీళ్లూ అంతే. చలవ అని ఇస్తారు, పొటాషియం పెరిగితే గుండె ఆగిపోవచ్చు. షుగర్ ఉంటే అదీ అదుపులో ఉండాలి, షుగర్ పెరిగినా దాహమే.

ఇక నీళ్లు. 24 గంటల మూత్రం కొలతగ్లాసుతో కొలవండి. దానికి 500 మిల్లీలీటర్లు కలపండి. 300 వస్తే 800. పాలు, కాఫీ, చారు, మజ్జిగ అన్నీ అందులోనే లెక్క. ఆ కాస్త మూత్రం ఎంతో విలువైనది. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు దాన్ని ఆర్పేస్తాయి. బీపీ మాటిమాటికీ పడిపోయినా అంతే.

యూనిట్‌లో అడగాల్సినవి ఉన్నాయి. బీపీ మాత్ర డయాలసిస్ రోజు ఉదయం వెయ్యాలా, అయ్యాక వెయ్యాలా? టిఫిన్ మంచం మీద వద్దు, తిన్నాక రక్తం పేగుల వైపు మళ్లి బీపీ ఇంకా పడుతుంది. నాలుగు గంటల డయాలసిస్ ఐదు గంటలవుతుందా, లేదా వారానికి మూడోది దొరుకుతుందా? ఐదు గంటలైతే అదే 4.35 లీటర్లు కిలోకి గంటకు 16కి దిగుతుంది. పిక్కలు పట్టకుండా మిషన్‌లో సోడియం పెంచుతున్నారేమో కూడా అడగండి. ఆ పూట హాయిగా ఉంటుంది, ఇంటికొచ్చాక దాహం మొదలు. అరగంట ముందే దింపెయ్యమని మాత్రం మీరు అడగకండి, అప్పుడు కిలోకి గంటకు 23 అవుతుంది.

డ్రై వెయిట్ కూడా ఒకసారి రాసి వదిలేసేది కాదు. ఆకలి బాగుండి కండ పడితే 54 అంకె పాతబడుతుంది. వాపు లేకుండా, ఆయాసం లేకుండా, చివరి అరగంటలోనే పిక్కలు పడుతుంటే డ్రై వెయిట్ పెంచాలేమో చూడమనండి. చిక్కిపోతే తగ్గించాలి, లేకపోతే పోయిన కండ చోట నీరు చేరి కాటాకి కనిపించదు.

ఇంట్లో రోజూ ఉదయం మూత్రానికి వెళ్లొచ్చాక, అదే కాటా మీద, చెప్పుల్లేకుండా బరువు రాయండి. రాత్రి పడుకుంటే ఊపిరి అందక లేచి కూర్చుంటున్నారంటే వంతు వచ్చేదాకా ఆగొద్దు, అప్పటికప్పుడు తీసుకెళ్లండి.