అల్లుడూ, కార్బొరేటర్ విప్పించకు, ముందు గాలి ఎక్కడ లాగుతోందో చూడు

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నా రా. వెనకాల మీ జెన్ కారు ఇంజన్ సౌండ్ కూడా వినపడింది, దడదడలాడి ఆగిపోబోయి మళ్ళీ అందుకుంటోంది. సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ వణుకుతోంది, రేస్ ఇస్తే మామూలైపోతోంది అన్నావు చూడు, అసలు సంగతంతా ఆ మాటలోనే ఉంది. రేస్‌లో కూడా మిస్సింగ్ ఉంటే ప్లగ్గులు, వైర్లు చూడమనేవాణ్ణి. స్లోలో, అంటే కాలు తీసేసినా ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, ఒక్కటే అంటే నా అనుమానమంతా గాలి మీదే.

ఎందుకంటే స్లోలో, పెట్రోల్‌లో గాలి కలిపే కార్బొరేటర్‌లో బటర్‌ఫ్లై, అంటే గాలిని ఆపే రేకు, దాదాపు మూసుకునే ఉంటుంది, ఇంజన్ తీసుకునేదే కాస్త గాలి, ఇంజన్‌లోకి గాలి వెళ్ళే మానిఫోల్డ్ గొట్టంలో వ్యాక్యూమ్ మాత్రం గట్టిగా లాగుతుంటుంది, అప్పుడు ఏ పైపుకైనా పగులుంటే అందులోంచి పెట్రోల్ కలవని వట్టి గాలి దూరి మిక్చర్ పల్చబడిపోతుంది. రేస్ ఇచ్చాక లోపలికెళ్ళే గాలే బోలెడు కాబట్టి ఆ దొంగగాలి లెక్కలోకి రాదు.

మీ నాన్న 97లో కొన్న జెన్ అది, పైపులు ఒరిజినల్‌వే అయితే రబ్బరు ఈపాటికి అప్పడంలా అయిపోయుంటుంది. బండి బాగా వేడెక్కనిచ్చి, చోక్ పూర్తిగా వదిలాక బానెట్ ఎత్తు. చొక్కా చేతులు మడుచుకో, ఫ్యాన్ బెల్ట్ దగ్గర జాగ్రత్త. మూరెడు రబ్బరు ట్యూబ్ ఒక కొన చెవి దగ్గర పెట్టుకుని రెండో కొన పైపుల వెంబడి మెల్లగా తిప్పు, సుస్స్‌మని వినపడిన చోట ఆగు. బ్రేక్ తేలిగ్గా పడేలా సాయం చేసే బూస్టర్‌కి వెళ్ళే లావు పైపు, ప్లగ్గులకి కరెంట్ పంచే డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్ళే సన్న పైపు, ఇంజన్ లోపలి ఆవిర్లని మళ్ళీ మానిఫోల్డ్‌లోకి పంపే పీసీవీ పైపు, కార్బొరేటర్ అడుగు ప్యాకింగ్, మానిఫోల్డ్ ప్యాకింగ్, అన్నీ చూడు.

వినపడకపోతే నీళ్ళ స్ప్రే బాటిల్‌తో ఒక్కో జాయింట్ మీద చిన్నగా కొట్టు. లీకున్న చోట నీళ్ళు జుర్రుమని లోపలికి పోయి ఒక్క క్షణం ఇంజన్ సౌండ్ మారుతుంది. డిస్ట్రిబ్యూటర్, ప్లగ్ వైర్ల మీద పడనీయకు. కార్బ్ క్లీనర్ కొట్టేవాళ్ళున్నారు, తెలుస్తుంది కానీ వేడి ఇంజన్ మీద అది భగ్గుమంటుంది, నువ్వు మాత్రం వద్దు.

ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ళలో నేను మర్చిపోలేనిది ఒకటుంది. ఇదే కంప్లైంట్, కార్బొరేటర్ రెండుసార్లు విప్పి కడిగాం, ప్లగ్గులు మార్చాం, మిక్చర్ స్క్రూ తిప్పీ తిప్పీ అసలు సెట్టింగే పోగొట్టాం. చివరికి బూస్టర్ పైపు చేత్తో వంచితే అడుగున, మానిఫోల్డ్ వైపు క్లాంపు కిందే, గోరంత చీలిక. పైనుంచి చూస్తే కొత్త పైపులా నల్లగా మెరుస్తోంది. ఆ కస్టమర్ మూడు రోజులు పనికి బస్సులో తిరిగాడు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే చెప్తున్నా, కళ్ళతో చూసి వదిలెయ్యకు, ప్రతి పైపూ వంచి చూడు.

బూస్టర్ సంగతి తేల్చుకోవాలంటే ఇంజన్ ఆపి బ్రేక్ నాలుగైదుసార్లు తొక్కు, పెడల్ గట్టిపడ్డాక కాలు అలాగే ఉంచి స్టార్ట్ చెయ్యి. పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే బండి బయటికి తియ్యకు, ఇది బ్రేకుల విషయం. పైపు మారిస్తే అందులో ఉండే వాల్వ్ తిరగేసి పెట్టకు, బాణం గుర్తు ఇంజన్ వైపు ఉండాలి.

మెకానిక్ దగ్గర వ్యాక్యూమ్ గేజ్, అంటే ఇంజన్ ఎంత గట్టిగా లాగుతోందో చూపే మీటర్, ఉంటే పెట్టించు. మా విజయవాడలో మంచి ఇంజన్ స్లోలో 17 నుంచి 21 అంగుళాలు (పాదరసం లెక్కలో) చూపిస్తుంది, మీ హైదరాబాద్ ఎత్తు మీదుంది కాబట్టి ఒకటిన్నర, రెండు తక్కువొస్తే కంగారు పడకు. ముల్లు కదలకుండా బాగా కింద నిలబడితే గాలి లాగుతున్నట్టు, లేదా ప్లగ్గు వెలిగే టైమింగ్ వెనకబడినట్టు. ఒకే తాళంలో టకటక కొట్టుకుంటుంటే వాల్వుల వైపు చూడాలి.

లీకు దొరికి ఆపేదాకా స్లో స్క్రూ ముట్టుకోనివ్వకు. రేపు పొద్దున ఆ బూస్టర్ పైపు రెండు కొనలూ, అడుగు వైపు కూడా ఫొటో తీసి పెట్టు.

మామయ్య