టెక్నికల్ రైటర్ అవుతానంటోంది, ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. మా అమ్మాయి నాందేడ్‌లో బీఎస్సీ కంప్యూటర్ సైన్స్ రెండో ఏడు. రాత్రిళ్లు ఆన్‌లైన్‌లో ఏదో సాఫ్ట్‌వేర్ గ్రూపులో ఎవరెవరి డౌట్లకో జవాబులు రాస్తూ కూర్చుంటుంది. టెక్నికల్ రైటర్ అవుతానంటోంది. ఏఐ వచ్చాక ఆ పనికి మనిషి అవసరం ఉంటుందా?

జవాబు: అన్నా, మీ టెన్షన్‌లో కొంత నిజముంది. టెక్నికల్ రైటర్ అంటే సాఫ్ట్‌వేర్‌ను ఎలా వాడాలో రాసిపెట్టేవాళ్లు. ఇంజనీరు చెప్పింది విని మంచి ఇంగ్లిష్‌లో మాన్యువల్ రాసిపెట్టే పని ఏఐ చాలావరకు చేసేస్తోంది. అదొక్కటే నమ్ముకుంటానంటే నేనూ వద్దంటాను.

మీ అమ్మాయి రాత్రిళ్లు చేస్తున్నది వేరే పని. 2008లో మొదలైన స్టాక్ ఓవర్‌ఫ్లో అనే వెబ్‌సైట్‌లో ప్రోగ్రామర్లు ఒకరి చిక్కు ఒకరు విప్పుకుంటారు. 2022 నవంబరు చివర్లో చాట్‌జీపీటీ వచ్చింది. వారం తిరక్కుండానే దాని జవాబులు అక్కడ పెట్టకూడదన్నారు. చూడ్డానికి బాగానే ఉన్నా చాలా తప్పులుంటున్నాయి, అన్నీ సరిచూడటానికి మనుషులు చాలడం లేదు అన్నది వాళ్లు చెప్పిన కారణం. ఇకముందు టెక్నికల్ రైటర్ అవసరం ఇలా సరిచూసే చోటే ఎక్కువని నా నమ్మకం. ఒకే డౌట్ పదిమందికి వచ్చిందంటే డాక్యుమెంటేషన్‌లోనే, అంటే సాఫ్ట్‌వేర్‌తో వచ్చే వివరాల పేజీల్లోనే లోపం ఉండొచ్చు. జనం ఎక్కడ ఆగిపోతున్నారో పట్టుకోవాలి, తన కంప్యూటర్‌లో చేసి చూడాలి, ఏ వెర్షన్‌లో పనిచేస్తుందో రాయాలి, వెర్షన్ మారితే పాత జవాబును సరిదిద్దాలి. ఏఐ ఇలాంటి పేజీల నుంచి కూడా నేర్చుకుంటుంది. పేజీ తప్పయితే అదీ తప్పు చెప్పొచ్చు.

ఇంట్లో తెలుగు, బయట మరాఠీ, చదువు ఇంగ్లిష్‌లో. ఒకే విషయాన్ని ఎదుటివాళ్లను బట్టి మార్చి చెప్పడం మీ ఊరి పిల్లలకు చిన్నప్పుడే అలవాటవుతుంది. మిర్చి మార్కెట్‌లో రోజూ వినే సంగతే కదా! ఇంగ్లిష్ దంచేవాళ్లకన్నా ఆ అలవాటున్నవాళ్లు ఈ పనిలో బాగా నిలబడతారని నేననుకుంటాను.

ఉద్యోగాలు ఎక్కువగా హైదరాబాద్, పుణె, బెంగళూరుల్లోనే. కొత్తవాళ్లకు ఇంటి నుంచి పని దొరకడం కష్టం. అంతదూరం పంపే విషయం ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి. డిగ్రీ మాత్రం పూర్తి చేయాలి. మార్క్‌డౌన్ (పేజీలో హెడ్డింగులు, లిస్టులు పెట్టే తేలికైన పద్ధతి) రెండు రోజుల్లో వచ్చేస్తుంది, గిట్‌కు (ఫైళ్లలో ఎవరు ఏం మార్చారో గుర్తుపెట్టే సాఫ్ట్‌వేర్) కొన్ని వారాలు పడుతుంది. ఏపీఐలు, అంటే ఒక సాఫ్ట్‌వేర్ ఇంకో సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడే దారులు, అర్థమయ్యేంత ప్రోగ్రామింగ్ తప్పదు.

వచ్చే సెలవుల్లో ఒక పని చేయమనండి. తను ఎక్కువసార్లు జవాబిచ్చిన డౌట్ ఒకటి తీసుకుని, ఆ సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్‌లో ఆ భాగాన్ని తిరిగి రాసి గిట్‌హబ్‌లో (చాలా సాఫ్ట్‌వేర్ల ఫైళ్లు ఉండే వెబ్‌సైట్) పంపాలి. ఆ సాఫ్ట్‌వేర్ నడిపేవాళ్లు మార్పులు అడుగుతారు, ఓపిగ్గా చేయాలి. వాళ్లు తీసుకుంటే ఇంటర్వ్యూలో ఆ లింకే చూపించొచ్చు. అలాంటివి మూడు అయ్యాక నాకు రాయండి, ఎక్కడ అప్లై చేయాలో మాట్లాడుకుందాం.