లోడింగ్ కాయిల్‌లో 77 డిగ్రీలా? ముందు ప్రోబులు అటూ ఇటూ మార్చి చూడండి

5 మీటర్ల యాంటెన్నా కడ్డీ 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర 43 డిగ్రీలే (పూర్తి తరంగం 360 డిగ్రీలు), పావు తరంగానికి, అంటే 90కి, తగ్గిన 47 డిగ్రీలనూ అడుగునున్న లోడింగ్ కాయిలే (పొట్టి యాంటెన్నాకి జోడించే తీగచుట్ట) పూడ్చాలి కదా, మరి ఆ కాయిల్‌కి నానో వీఎన్ఏ (సిగ్నల్ ఎన్ని డిగ్రీలు వెనకబడిందో కొలిచే చిన్న పరికరం) 77 చూపిస్తోందేమిటి అని అడిగారు. కావలిలో మా డాబా మీద నేనూ సరిగ్గా ఇక్కడే ఇరుక్కున్నాను. నాది 50 మిల్లీమీటర్ల పీవీసీ పైపు మీద 20 చుట్లు, దాదాపు 10 మైక్రోహెన్రీలు. మీదీ అంతే ఉంటుంది.

ఆ 77ని పక్కన పెట్టేయండి. 10 మైక్రోహెన్రీల రియాక్టెన్స్ (మారే కరెంటుకి కాయిల్ పెట్టే అడ్డు) 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర 446 ఓములు, వీఎన్ఏ రెండు పోర్టులూ కలిసి 100 ఓములు. 446ని 100తో భాగించి విలోమ టాన్ తీస్తే 77 వస్తుంది. అసలు ఆలస్యమే లేని కాయిల్ పెట్టినా అదే చూపిస్తుంది. నేను దాన్ని 30 నానోసెకన్లుగా మార్చుకుని ఓ రాత్రంతా సంబరపడ్డాను. తీరా చూస్తే తీగ పొడవే 3 మీటర్ల చిల్లర. కాంతి వేగంతో చుట్టు చుట్టూ తిరిగొచ్చినా పదిన్నర నానోసెకన్లే! నిజానికి అంత కూడా పట్టదు. పక్క పక్క చుట్లను అయస్కాంత క్షేత్రం కలిపేస్తుంది, కరెంటు తీగ వెంటే నడవక్కర్లేదు.

చూడాల్సింది కాయిల్ కింద, పైన కరెంటు. రెండు ఫెరైట్ రింగుల మీద పదేసి చుట్లు చుట్టి, 50 ఓముల రెసిస్టర్లు పెట్టి, ఆ రెండు ప్రోబులనూ కాయిల్ కింద ఒకటి, పైన ఒకటి ఉంచి, స్కోప్‌కి (ఆసిలోస్కోప్) కలిపాను. రింగు తిరగేసి పెడితే 180 డిగ్రీలు వస్తుంది, కంగారు పడకండి. మొదటి రీడింగ్‌లో పై ప్రోబు ఛానెల్ 6 నానోసెకన్లు వెనకబడింది. అనుమానమొచ్చి ప్రోబులు పైది కిందికి, కిందది పైకి మార్చాను. అయినా అదే ఛానెల్ 4 నానోసెకన్లు వెనకబడింది! ఆ ఛానెల్ కేబుల్ రెండోదాని కంటే మీటరు ఎక్కువ పొడుగు. ఆర్‌జీ-58 రకం కేబుల్‌లో మీటరుకి 5 నానోసెకన్లు. అంటే రెండు రీడింగుల తేడాలో సగం, ఆ ఒక్క నానోసెకనే కాయిల్‌ది. డిగ్రీల్లో రెండున్నర. నా పాత స్కోప్ అంతకంటే సన్నంగా చూడలేదు లెండి.

కాబట్టి కాయిల్ ఆ 47 డిగ్రీలు పూడ్చడం లేదు. పొట్టి కడ్డీ కెపాసిటివ్ రియాక్టెన్స్‌ని రద్దు చేస్తోందంతే.

ఇంకొకటి. కాయిల్ పైకొస దగ్గరికి మనుషుల్ని రానివ్వకండి. మా బామ్మర్ది టార్చి పట్టుకుని వంగినప్పుడల్లా ట్యూనింగ్ పక్కకి తప్పిపోయేది. లోపం కనెక్టర్లలో ఉందనుకుని గంటసేపు వాటిని తుడుస్తూ కూర్చున్నాను.