పచ్చికలో వదిలిన పోనీ కాళ్ల మీద రోజూ చెయ్యి వెయ్యి

చిట్టితల్లీ,

డెవాన్‌లో పోనీని, అదే పొట్టి జాతి గుర్రాన్ని, కొన్నారని నువ్వు పంపిన వీడియో పదిసార్లు చూశాను. పాపని వీపు మీద పెట్టుకుని ఎంత బుద్ధిగా నడుస్తోందో! కానీ దాని వెనకాల ఏపుగా పెరిగిన ఆ పచ్చగడ్డి చూశాక నాకు టెన్షన్ పట్టుకుంది. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

మన ఊళ్లో పశువుకి కడుపునిండా పచ్చగడ్డి దొరికితే పండగే. ఇంగ్లాండులో అదే గడ్డి, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో, మళ్లీ వేసవి చివర వానలు పడ్డాక, పోనీలకి ప్రాణం మీదికి తెస్తుంది. నీ వెల్ష్ పోనీ లాంటివి రాళ్లూ పొదలూ ఉన్న కొండల్లో బతికిన జాతులు. గుప్పెడు మేతకే ఒళ్లు చేస్తాయి. పాడి ఆవుల కోసం వేసిన రై గడ్డిలో చక్కెర ఎక్కువ. ఇలాంటి పోనీ అది మేస్తే రక్తంలో ఇన్సులిన్ ఎక్కడికో పోతుంది. దాంతో గిట్ట గోడకీ లోపలి ఎముకకీ మధ్య ఉండే సన్నటి పొరలు సాగి, పట్టు వదిలేస్తాయి. మనిషి బరువు పాదం మీద ఆనినట్టు కాదమ్మా, గుర్రం బరువు ఆ పొరలకే వేలాడుతుంది. అవి వదిలితే ఎముక గిట్టలోనే కిందికి తిరిగిపోతుంది. ఇదే ల్యామినైటిస్.

ముందుకాళ్లు చాచి, బరువంతా వెనక్కి వేసి నిలబడ్డ గుర్రం ఫొటో నువ్వు చూసే ఉంటావు. ఆ భంగిమ కోసం ఎదురుచూడకు. అది కనబడేసరికి జబ్బు బాగా ముదిరి ఉంటుంది.

నేను ఎదురుచూశాను, అందుకే చెబుతున్నాను. మా పోనీ మెత్తటి నేల మీద బాగానే నడిచింది. గేటు దగ్గర కంకర మీదికి రాగానే అడుగులు చిన్నవయ్యాయి. మలుపు తిరిగేటప్పుడు ముందుకాలు తేలిగ్గా దాటించలేక, ఆగి ఆగి తిరిగింది. రాయి గుచ్చుకుందేమోలే అనుకుని రెండు రోజులు ఊరుకున్నాను. మూడో రోజు పొద్దున పడుకున్నది లేవలేదు. బతికింది కానీ మళ్లీ మా అమ్మాయిని ఎక్కించుకోలేదు.

అందుకని రేపట్నించే ఒక పని చెయ్యి, రోజూ దాని కాళ్ల నాడి పట్టి చూడు. గిట్టకి పైన గుండ్రంగా ఉండే కీలుని ఫెట్‌లాక్ అంటారు. దాని వెనక వైపు, లోపలా బయటా, పక్కలకి రెండు వేళ్లు ఆనించు. బొటనవేలు వద్దు, నీ నాడే నీకు తగులుతుంది. చర్మం కింద లావాటి దారంలాంటిది జారుతూ తగులుతుంది, అక్కడే ఆగు. గట్టిగా నొక్కితే నాడి ఆగిపోతుంది, తేలిగ్గా పెట్టి అరనిమిషం ఓపిక పట్టు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు అది ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. మొదటి వారం అసలు దొరకకపోవచ్చు, కంగారుపడకు. ఏదో ఒక రోజు వెతక్కుండానే వేలికి టపటపా కొట్టుకుంటుంది చూడు, అప్పుడు కంగారుపడాలి. మామూలుగా ఎలా ఉంటుందో నీ వేళ్లకి తెలిస్తేనే తేడా తెలుస్తుంది.

గిట్ట వేడి కూడా చూడు, కానీ అదొక్కటే నమ్ముకోకు. ఎండకి వేడెక్కుతుంది, చలికి చల్లారుతుంది. గంటల తరబడి వేడి తగ్గకపోతే మాత్రం అనుమానించు. నిలబడి ఒక ముందుకాలి నుంచి ఇంకోదాని మీదికి బరువు మార్చుకుంటూ ఉన్నా, ఎప్పుడూ బుద్ధిగా కాలు ఇచ్చేది గిట్టలు కోసి నాడాలు కొట్టే ఫారియర్‌కి ఇవ్వనని మొండికేసినా పొగరు అనుకోవద్దు, నొప్పి అనుకో. మెడ మీద జూలు కింద కొవ్వు గట్టిపడి నిలబడిందా అని కూడా తడిమి చూస్తుండు. గిట్ట కోసేటప్పుడు అడుగున తెల్లగీత వెడల్పయిందా, ఎర్రటి మరకలున్నాయా అని ఫారియర్‌ని అడుగు. అవి కొన్ని నెలల కిందట నీకు తెలియకుండా వచ్చి పోయిన దెబ్బకి గుర్తులు.

అనుమానం వస్తే వెంటనే గడ్డి మీంచి తీసెయ్యి, అదే రోజు పశువుల డాక్టర్ని, అంటే వెట్‌ని పిలువు. "నడిపిస్తే సర్దుకుంటుంది" అనే వాళ్ల మాట వినకు. షెడ్డులో గుమ్మం దాకా చెక్కపొట్టు మందంగా పరిచి నిలబెట్టు. అలాగని పస్తు పెట్టకు. మేత పూర్తిగా ఆపేస్తే పోనీలకి ఒంట్లో కొవ్వు కరిగి రక్తంలోకి చేరుతుంది, అది ఇంకో ప్రమాదం. నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసిన ఎండుగడ్డి పెట్టు. ఎంత పెట్టాలో వెట్‌ని అడిగి తూకం వేసి పెట్టు.

ఇప్పుడు బాగానే ఉన్నా మేతకి సాయంత్రాలు వదలకు. ఎండ కాసిన రోజు సాయంత్రానికి గడ్డిలో చక్కెర పేరుకుంటుంది. తెల్లవారుజామున తక్కువ. గడ్డి మీద మంచు గడ్డకట్టేంత చలి వేసిన రాత్రి మాత్రం ఆ చక్కెర ఖర్చవక అలాగే ఉండిపోతుంది, ఆ పొద్దున అసలు వదలొద్దు. మన ఎద్దులకి కట్టే చిక్కం గుర్తుందా? అలాంటిదే అక్కడ గుర్రాలకీ అమ్ముతారు. దానికది నచ్చదు, పాప కూడా ఏడుస్తుంది. అయినా కట్టు.

ఆదివారం ఫోన్ చేస్తాను. నాడి దొరికిందో లేదో చెప్పు.

మీ పెదనాన్న