వాట్లు చూసి కొనకు అల్లుడూ

నరసాపురం,
ఆదివారం రాత్రి.

అల్లుడికి,

ప్రభువు నామంలో నీకూ అమ్మాయికీ వందనాలు. బుడ్డోడికి ముద్దులు.

నీ మెసేజి మూడుసార్లు చదివాను. ‘ఏమీ అనుకోకండి మావయ్యా’ అని మొదలెట్టి, ఎండలూ వానలూ అన్నీ చెప్పి, చివర్లో ఎక్కడో ఒక ముక్క అన్నావు: ట్విన్ రివర్బ్ అనే ఆ పెద్ద గిటారు ఆంప్లిఫయరు పక్కన పెట్టి, ఇంట్లో నెమ్మదిగా వాయించుకోవడానికి చిన్న ఆంప్ ఏదైనా చూసుకోనా అని. దానికి ఇంత మొహమాటమెందుకురా? పదేళ్ల కిందట అది నీకు ప్రేమ కొద్దీ ఇచ్చాననుకున్నావా? సగం ప్రేమ, సగం నడుంనొప్పి.

29 కిలోలు అది. పాతిక కిలోల బియ్యం బస్తా మీద ఇంకో నాలుగు కిలోలు వేసుకో. బస్తా అయితే భుజానికి ఒదుగుతుంది, ఇది ఒదగదు. సఖినేటిపల్లి వైపు ప్రోగ్రాం ఉందంటే రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కించేటప్పటికే చొక్కా తడిసిపోయేది. ఒకసారి పంటు అంచుకీ రేవుకీ మధ్య జానెడు సందులో నా కాలు పడింది. అటు పట్టుకున్న డ్రమ్ముల కుర్రాడు ‘మాస్టారూ కాలు’ అని అరవలేదు, ‘మాస్టారూ ఆంపు’ అని అరిచాడు. దానికి అంత మర్యాద ఉండేది మాలో.

ఆ రోజుల్లో అంత పెద్దది ఎందుకు కావాల్సొచ్చిందో తెలిస్తే ఇప్పుడు నీకెందుకు అక్కర్లేదో తెలుస్తుంది. 1960లలో అమెరికాలో ఫెండర్ వాళ్లు దాన్ని చేసేనాటికి స్టేజీల మీద మైకు సెట్లు పాటగాడి గొంతు వినిపించడానికే చాలేవి కావు. గిటారు జనం దాకా వెళ్లాలంటే దాని ఆంపే మోసుకెళ్లాలి. అందుకే 85 వాట్లు, రెండు 12 అంగుళాల స్పీకర్లు. మన అంతర్వేది తీర్థంలో నేను వాయించే రోజుల్లోనూ అదే పరిస్థితి. స్తంభాలకు కట్టిన రెండు హారన్లు గాయకులకే సరిపోయేవి, నా గిటారు నా వెనకున్న పెట్టెలోంచే ఇసకలో కూర్చున్న ఆఖరి వరసకు చేరాలి. ఇప్పుడు మీ చర్చిలో 16 చానళ్ల మిక్సరుంది. నీ ఆంపు జనానికి వినిపించక్కర్లేదు, నీకు వినిపిస్తే చాలు. మిగతాది మిక్సరు చూసుకుంటుంది.

ఇక అసలు సంగతి. అందరూ చేసే పొరపాటే నేనూ చేశాను, డబ్బు పోగొట్టుకున్నాను, అందుకే ఇంత రాయడం. ట్విన్ నీకిచ్చేశాక ‘85 వాట్లు గోల కాబట్టి 15 వాట్లు నెమ్మది’ అనుకుని ఒక షాపులో ట్విన్‌లాగే, పాత రేడియోల్లోలా గాజు వాల్వులతో నడిచే 15 వాట్ల ఆంపు కొన్నాను. షాపతను ‘ఇంట్లోకి ఇదే సార్’ అన్నాడు. ఇంటికొచ్చి వాల్యూము ఒకటి దాటించానో లేదో మీ అత్తయ్య వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఏమీ అనలేదు. నిలబడింది, అంతే. ఒకటి కంటే కిందకి తిప్పితే శబ్దం ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. మధ్యలో ఏమీ లేదు. ఆరు నెలలు దుప్పటి కప్పి వాయించి, మూడో వంతు నష్టానికి అమ్మేశాను.

తర్వాత లెక్క తెలిసింది. చెవి వాట్లను వరసగా లెక్కపెట్టదు. పవర్ పదో వంతుకు తగ్గితే చెవికి సగం తగ్గినట్టుంటుంది. అంటే ట్విన్ గోలలో సగం కావాలంటే 8 వాట్లు, అందులో మళ్లీ సగం కావాలంటే ఒక వాటు కూడా ఎక్కువే. నేను కొన్న 15 వాట్లతో శబ్దాన్ని కొలిచే డెసిబెల్స్‌లో ఏడు చిల్లర తగ్గింది, అంటే సగం కూడా కాదు. పైగా మంచి 12 అంగుళాల స్పీకరైతే ఒక్క వాటుకే మీటరు దూరంలో 97, 98, ఒక్కోటి 100 డెసిబెల్స్ కూడా ఇస్తుంది. ఒక వాటుకే మీ మిక్సీ తలొంచుకోవాలి. కాబట్టి అట్టపెట్టె మీది అంకె చూసి ‘ఇది నెమ్మది’ అనుకోకు. ఎంత తక్కువలో బాగుంటుంది అన్నదే చూడు, ఎంత ఎక్కువ ఇస్తుందో మనకనవసరం.

ఇంకో మాట. ‘వాల్వు సౌండు వదులుకోలేను’ అని రాశావు. నువ్వు వదులుకోలేనిది ఏమిటో నిదానంగా ఆలోచించావా? వాల్వులు చిరచిరలాడే సౌండు కావాలనేవాళ్లు వేరు. వాళ్లకు పవర్ వాల్వులు బాగా వేడెక్కి నెట్టుకుంటూ పనిచేయాలి, అది నిజంగా గోల లేకుండా రావడం కష్టం. దానికోసం ఒక వాటు వాల్వు ఆంపులున్నాయి, పవర్ మింగేసే అటెన్యుయేటర్లున్నాయి. నువ్వు ట్విన్‌లో వాయించేది ఏమిటి? తేట సౌండు, కొంచెం రివర్బ్ (ప్రతిధ్వని), కీర్తన నెమ్మదిగా ఉంటే ఆ వణుకు. ట్విన్ ఎప్పుడూ చిరచిరలాడదు, ఇల్లు కూలే దాకా తేటగానే ఉంటుంది. ఆ తేటదనం ట్రాన్సిస్టరు ఆంపులూ డిజిటల్ ఆంపులూ చక్కగా ఇస్తాయి. 1975లో వచ్చిన రోలాండ్ జేసీ 120లో ఒక్క వాల్వు లేదు, తేట సౌండు కోసం దాన్ని ఇప్పటికీ వెతుక్కుని కొంటారు. కాబట్టి నీ పని నువ్వనుకున్నదానికన్నా సులువు.

అయితే తక్కువ వాల్యూములో ఏ ఆంపైనా పల్చగానే వినిపిస్తుంది. అది ఆంపు తప్పు కాదు. శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి మంద్ర స్వరాలు ముందు ఎగిరిపోతాయి, బాగా పైనున్నవీ కొంత పోతాయి. 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు దీన్ని కొలిచి గీతలు గీసిపెట్టారు. అందుకే ఇంట్లో బేస్ కాస్త ఎక్కువే పెట్టుకో, చర్చికెళ్లినప్పుడు తగ్గించు. షాపులో గట్టిగా వాయించినప్పుడు నచ్చింది ఇంట్లో నచ్చకపోవడానికి సగం కారణం ఇదే.

షాపుకి నీ గిటారు నువ్వు తీసుకెళ్లు. రాజమండ్రో విజయవాడో, ఎక్కడికైనా సరే, పని రోజు మధ్యాహ్నం వెళ్లు, సాయంత్రం కుర్రాళ్లు చేరి డ్రమ్ములు బాదుతుంటారు. ఆంపు నీ మోకాళ్ల ముందు పెట్టించుకో, మూలకి కాదు. ముందు ఏమీ వాయించకుండా ఆన్ చేసి చెవి దగ్గర పెట్టి విను. బుస్సుమంటుందా, బుర్రుమంటుందా? పగలు షాపులో వినిపించని బుస రాత్రి పదకొండింటికి ఇంట్లో పాములా వినిపిస్తుంది. తర్వాత వాల్యూము సున్నా నుంచి వెంట్రుకవాసి చొప్పున తిప్పు. ఒక్కసారి గంతేస్తే వద్దు, పాలు పొంగినట్టు నిదానంగా రావాలి. షాపతనితో మాట్లాడుతూ వాయించు. గొంతు పెంచకుండా మాట్లాడగలిగినంత వాల్యూములో ఒక ఇరవై నిమిషాలు కూర్చో. ‘సార్, ఫుల్లు పెట్టి చూడండి’ అంటాడు. నవ్వి ఊరుకో. లావుపాటి ఆరో తీగ ఒక్కటే మీటి చివరిదాకా విను, అట్టడబ్బా కొట్టినట్టుంటే స్పీకరు మరీ చిన్నదన్నమాట. 3 అంగుళాల స్పీకరు బొటనవేలితో బేస్ వాయించే నీకు మొదట్లో చికాకు. 8 అంగుళాలైతే సర్దుకోవచ్చు, 12 అయితే ట్విన్ అలవాటున్న చేతికి హాయి.

పేర్లు అడిగావు కాబట్టి చెప్తున్నా. బాస్ (Boss) కంపెనీ వాళ్ల కటానా 50 చూడు. దాంట్లో 12 అంగుళాల స్పీకరుంది, పవర్‌ని అర వాటుకు తగ్గించే స్విచ్చుంది, హెడ్‌ఫోన్ పెట్టుకోవచ్చు, బరువు 12 కిలోలకు లోపే. నీ చర్చికీ నీ ఇంటికీ రెండింటికీ ఒకటే కావాలంటే నా ఓటు దానికే. యమహా టీహెచ్ఆర్ 10 నా మంచం పక్కన బల్ల మీదుంది. మూడు కిలోలు కూడా ఉండదు, కరెంటు పోతే 8 పెన్సిల్ సెల్లుల మీద నడుస్తుంది. మొదటి వారం బొమ్మలా అనిపించి సిగ్గేసింది, రెండో వారం నుంచి రోజూ వాయిస్తున్నాను. ట్విన్‌నే నెమ్మదిగా వినాలనుంటే ఫెండర్ వాళ్లే 2019లో దాన్ని డిజిటల్‌గా చేశారు, టోన్ మాస్టర్ అని. చూడ్డానికి అచ్చు అదే, బరువు సగం, వెనకాల స్విచ్చుతో ఒక వాటు దాకా దించొచ్చు. ధర చూస్తే మాత్రం ఆ డబ్బుతో బుడ్డోడి పేర చీటీ కట్టడం మేలనిపించింది నాకు. అమ్మాయినడుగు.

సెకండ్ హ్యాండ్ దొరికితే వద్దనను గానీ, మన సముద్రపు గాలి సంగతి మర్చిపోకు. వెనక స్క్రూల మీద తుప్పుంటే లోపల కూడా ఉంటుంది. నాబులన్నీ తిప్పి కరకరలాడుతున్నాయేమో చూడు, తాడు (కేబులు) పెట్టే రంధ్రం వదులుగా ఉందేమో చూడు. వాసన కూడా చూడు, బూజు వాసనొస్తే తీసుకోకు.

ఇంట్లో పెట్టుకోవడమూ ఒక పనే. కింద ఇంటివాళ్లకి మీ పాట వినిపించదు, నేల గుండా దిగే బేసే వినిపిస్తుంది. ఆంపుని నేల మీద పెట్టకు. పాత కొబ్బరిపీచు పరుపు ముక్క నాలుగు మడతలు పెట్టి దాని మీద పీట, పీట మీద ఆంపు. ముఖం కాస్త పైకి, నీ చెవి వైపు తిప్పు. మోకాళ్లకి వినిపించినంత సేపూ వాల్యూము పెంచుతూనే ఉంటావు. రాత్రి పదయ్యాక హెడ్‌ఫోన్. ఇన్వర్టరు చవక రకమైతే కరెంటు పోయినప్పుడు ఆంపు తేనెపట్టులా మోగుతుంది, దాన్ని చూసి ఆంపు పాడైందనుకోకు.

చర్చిలో గౌరవం తగ్గుతుందేమో అని కూడా నీ మనసులో ఉన్నట్టుంది. ఆంపుని నీ పక్కన కుర్చీ మీద పెట్టుకుని, దాని ముందు మైకు పెట్టి మిక్సరుకి ఇవ్వు. పాస్టరుగారు నీ వైపు చెయ్యూపి ‘తగ్గించు’ అనడం మానేస్తారు. దానికన్నా గౌరవమేముంది?

ఇది చెప్పకూడదనుకున్నాను గానీ చెప్తాను. ట్విన్ ఎప్పుడూ నా వెనక కుడి పక్కనుండేది. ఇప్పుడు ఫ్యాను ఆపితే నా కుడి చెవిలో కీచురాయి మొదలవుతుంది. మీ అత్తయ్య కుడి పక్కన కూర్చుని ఏదన్నా అడిగితే రెండోసారి అడగాల్సొస్తుంది. 85 డెసిబెల్స్ ఎనిమిది గంటలు పర్వాలేదట, ప్రతి మూడు డెసిబెల్స్‌కీ టైము సగమైపోతుందట. 100 దగ్గరికొస్తే పావుగంట. మేం రాత్రంతా వాయించేవాళ్లం. బుడ్డోడు పాకుతూ ఆంపు ముందుకొచ్చే రోజులొస్తున్నాయి. అందుకే నీ మెసేజి చదివి నేను నొచ్చుకోలేదు, ఊపిరి పీల్చుకున్నాను.

ఇక ట్విన్. అమ్మకు. యూట్యూబు చూసి వెనక పలక విప్పకు, ప్లగ్గు తీసేసినా లోపల కండెన్సర్లలో మనిషిని పడగొట్టేంత కరెంటు నిలవుంటుంది. స్పీకరు తాడు పీకేసి ఆన్ చెయ్యకు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు పోతుంది. అది 120 వోల్టుల మనిషి, నీకు తెలుసు. ఒక తీర్థంలో జనరేటరు కుర్రాడు వోల్టేజి దించే స్టెప్‌డౌన్ పెట్టె తీసేసి నేరుగా 230కి పెట్టాడు. చెరువుల ఏరియేటర్ మోటార్లు చుట్టే మేస్త్రీ దగ్గర కూర్చుని పవర్ ట్రాన్స్‌ఫార్మరు మళ్లీ చుట్టించాను, మూడు రోజులు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు మాత్రం పాతదే. దాని మీద 606 (అది చేసిన కంపెనీ గుర్తు) తర్వాత 9 ఉంటుంది చూడు, 1969 అని అర్థం.

మెట్ల కింద సైకిలు తీయించి చోటు చేశాను. ఆటోలో వేసుకుని చించినాడ వంతెన మీంచి రా, పంటు వద్దు. స్పీకర్లకి దెబ్బ తగలకుండా ముందు వైపు పరుపు పెట్టు. స్టెప్‌డౌన్ కూడా తే, పోయినసారి మర్చిపోయావు. వచ్చేముందు ఫోన్ చెయ్యి, మీ అత్తయ్య పులస కోసం రేవుకి మనిషిని పంపాలంటుంది.

మీ మావయ్య